వేటగాని ఉన్ని వలువలు

పెన్సిల్వేనియా కొండలలో హేమంతమున తెల్లతోక జింకల వేటకు పోవువాడు తుపాకి విషయమున ఎంత శ్రద్ధ వహించునో ఉడుపుల విషయమునను అంత శ్రద్ధయే వహింపవలెనని నా దృఢాభిప్రాయము. ఏలయన, తెల్లవారకమున్నే నిట్టనిలువు కొండనెక్కి చెమర్చిన దేహమే, మఱుగడియలో చెట్టు మొదట కదలక మెదలక గంటల కొలది కూర్చుండవలసియుండును. నూలుచొక్కా ఆ చెమటను పీల్చి, చర్మమునంటుకొని, ఒంటివేడినంతయు తోడివేయును. ఉన్ని అట్లు గాదు. తన బరువులో ఇంచుమించు మూడవవంతు తేమను ఆవిరిరూపమున పోగులలో నిముడ్చుకొనియు అది తాకుటకు పొడిగానే యుండును. తేమను గ్రహించు వేళ కొంత ఉష్ణమును తానే వెలువరించును. పోగులు సహజముగా వంకులు తిరిగియుండుటచే వాని నడుమ గాలి చిక్కి నిలుచును. వెచ్చదనమిచ్చునది నిజమునకు ఆ గాలియే. మన తెలంగాణపు కురుమలు దక్కని గొఱ్ఱెల ఉన్నితో నేసిన గొంగళిని కప్పుకొని జడివానలో మందలను కాచుటయు ఈ గుణముల బలిమిచేతనే.

కావున ఒక్క బరువైన కోటుకంటె మూడు వలువలు మేలు. ఒంటినంటి మెరినో ఉన్ని బనియను ఉండవలెను. సుమారు 20 మైక్రానులకు లోపైన పోగు చర్మమున గ్రుచ్చుకొనక వంగిపోవును గనుక దురద పుట్టదు. దానిపై స్వెట్టరు. అన్నిటికిని పైన, నేసిన పిదప నీట మర్దించి దట్టపఱచిన మెకినా కోటు. 1830లో జాన్ రిచ్ పెన్సిల్వేనియాలోనే ఉన్ని మిల్లు స్థాపించిన నాటినుండి ఊల్‌రిచ్ పేరును, 1897లో సియాటిల్‌లో పుట్టిన ఫిల్సన్ పేరును ఇట్టి కోట్లకు ప్రసిద్ధములైనవి.

ఈ కోటునందు నాకు మిక్కిలి ప్రియమైన గుణము దాని మౌనము. నైలాను కోటుకు రెమ్మ యొకటి ఒరసికొన్న చాలును, ఆ గరగర చప్పుడునకు జింక చెవులు నిక్కించును. ఉన్నిపై అదే రెమ్మ నిశ్శబ్దముగా జారిపోవును. బాగుగా నానినచో ఉన్ని బరువెక్కుననియు, ఆరుటకు జాగుచేయుననియు అనుట సత్యమే. ఐనను ఆ మౌనమునకై ఆ బరువును భరింపవచ్చును.

అయితే కొండనెక్కునపుడు ఆ కోటును ధరింపరాదు. మడచి మూటగట్టి వీపున మోసికొనిపోయి, కూర్చుండిన పిదప, చలి సోకకమునుపే తొడుగుకొనవలెను. మఱియొకటి: తుపాకితో జింకల వేటాడు దినములలో తల, రొమ్ము, వీపులపై కలిపి కనీసము 250 చదరపుటంగుళముల మిఱుమిట్లుగొలుపు నారింజవన్నె కనబడవలెనని పెన్సిల్వేనియా శాసనము, మెకినా కోటు ఎఱ్ఱగళ్లదైనను దానికి చాలదు. కావున కోటు కొనునపుడే దానిపై తొడుగదగిన ఆ వన్నె చొక్కాను, టోపీని కూడ కొనియుంచుకొనుడు.