ఒక కార్డు, నలుగురు మనుషులు

ఇస్తాంబుల్ హాస్టళ్ళలో పొద్దున టిఫిన్ దగ్గర పరిచయమైనవాళ్ళు మధ్యాహ్నానికల్లా ఒకే ముఠాగా తిరుగుతుంటారు. అందుకు కొంత కారణం ఇస్తాంబుల్‌కార్ట్. ట్రాముకీ, మెట్రోకీ, పడవకీ పనికొచ్చే ఆ ఒక్క కార్డునే గేటు దగ్గర మళ్ళీమళ్ళీ ఆనించి నలుగురూ లోపలికి వెళ్ళొచ్చు. పేర్లు సరిగ్గా పలకడం రాకముందే ఒకరికొకరు బాకీ పడిపోతారన్నమాట!

కరకోయ్‌లో 1875 నాటి ట్యూనెల్ రైలెక్కితే ఒకటిన్నర నిమిషంలో కొండ మీద ఉంటారు. భూగర్భ రైళ్ళలో లండన్ తర్వాత పాతది ఇదే. అందులో ఎవరి ఊరేదో చెప్పుకునే వ్యవధి కూడా ఉండదు.

కబుర్లు సాగేది పడవలోనే. ఐరోపా ఒడ్డున ఎమినోనులో ఎక్కితే ఆసియా ఒడ్డున కదికోయ్‌కి దాదాపు 20 నిమిషాలు. నడుం సన్నని గాజు గ్లాసుల్లో టీ వస్తుంది, పాలు లేకుండా. (తెలుగువాళ్ళకి మొదటి దెబ్బ ఇక్కడే.) నువ్వులద్దిన సిమిత్ రొట్టెను సగం తిని, సగం వెంటపడే సముద్రపు పక్షులకు విసురుతారు.

ఇక బసిలికా సిస్టర్న్. జస్టీనియన్ చక్రవర్తి ఆరో శతాబ్దంలో కట్టించిన ఈ నేలకింది జలాశయంలో 336 స్తంభాలు. ఒకదాని అడుగున గ్రీకు పురాణాల రాక్షసి మెడూసా తల తలకిందులుగా ఉంటుంది, మరోదాని కింద పక్కకి ఒరిగి. ఎందుకలా పెట్టారో ముఠాలో ఒక్కొక్కరిది ఒక్కో కథ. గైడుది ఇంకో కథ.