పసుపు ద్రావణంలో చిన్న ముక్క

జూన్ 11

మధ్యాహ్నం యూరాలజీ నుంచి బయాప్సీ వచ్చింది. వృషణం ముక్క, 4 మిల్లీమీటర్లు. సీసా మూత తీయగానే పసుపు రంగు కనబడి ప్రాణం కుదుటపడింది. బౌయిన్స్ ద్రావణంలోనే వేసి పంపారు. మిగతా అవయవాలకు చాలావరకు ఫార్మలిన్ చాలు, దీనికి చాలదు. ఫార్మలిన్‌లో నాళికలు ముడుచుకుపోతాయి, లోపలి కణాలు వరస తప్పి మధ్యలోకి రాలిపడతాయి. అలా రాలినవి చూసి లేని జబ్బును రాసే ప్రమాదం ఉంది. పిక్రిక్ యాసిడ్, ఫార్మలిన్, ఎసిటిక్ యాసిడ్ కలిసిన ఈ ద్రావణంలోనైతే కేంద్రకాలు గీత గీసినట్టు నిలబడతాయి. థియేటర్ సిస్టర్‌కి ఫోన్ చేసి మెచ్చుకున్నాను. ఆవిడకి ఆశ్చర్యం. లాబ్ నుంచి ఫోనంటే ఎప్పుడూ తగువే కదా!

రేపు పసుపు పోయేదాకా ఆల్కహాల్ మార్చమని టెక్నీషియన్‌కి చెప్పాను.

జూన్ 13

స్లైడు చేతికొచ్చింది. పొద్దున్నే, ఎవరూ రాకముందే చూశాను.

ఒక్కో వృషణంలో దాదాపు 250 గదులు. ఒక్కో గదిలో ఒకటి నుంచి నాలుగు దాకా శుక్రోత్పాదక నాళికలు, మెలికలు తిరిగి. అడ్డంగా కోస్తే అవన్నీ గుండ్రాలుగా కనబడతాయి, ఒక్కోటి సుమారు 200 మైక్రాన్లు. గుండ్రం అంచున, పొరకు ఆనుకుని, శుక్రమాతృకణాలు. వాటి పైవరసలో దారపు ముద్దల్లాంటి క్రోమోజోములతో పెద్ద కణాలు. ఇంకా లోపలికి చిన్న గుండ్రటి స్పెర్మాటిడ్లు. నడిమధ్య, సెర్టోలి కణాల్లోకి తల గుచ్చుకుని, తోక ఖాళీలోకి వదిలి, పూర్తయిన శుక్రకణాలు. అంచున ఉన్న కణం ఈ మధ్యకి చేరడానికి రెండు నెలల పైన పడుతుంది.

ఎలుకలో ఒక గుండ్రం మొత్తం ఒకే దశలో ఉంటుంది. మనిషిలో అలా కాదు. ఇవ్ క్లెర్మాంట్ 1963లో మనిషి నాళికల్లో ఆరు రకాల కూర్పులను విడదీసి చూపాడు. ఒకే గుండ్రంలో రెండు మూడు కూర్పులు పక్కపక్కనే ఉండొచ్చు. అందుకే ఒక గుండ్రంలో శుక్రకణం కనబడలేదని తీర్పు చెప్పకూడదు. మొదటి ఫీల్డు చూసి రిపోర్టు రాసే తొందర నాకు గిట్టదు. ఒక మనిషి ఇంటి సంగతి అది. జాన్సెన్ 1970లో ఇచ్చిన పద్ధతిలో ప్రతి గుండ్రానికీ 1 నుంచి 10 దాకా మార్కు వేసుకుంటూ పోయాను. ఎక్కువగా తొమ్మిదులు, పదులు. నాళికల మధ్య లేడిగ్ కణాలు గుంపులుగా, గులాబీ రంగులో నిండుగా ఉన్నాయి. ఒకదానిలో రైంకే స్ఫటికం కూడా దొరికింది.

ఇంత నిండైన స్లైడుకి జతచేసిన కాగితంలో మాత్రం వీర్యంలో శుక్రకణాలు సున్నా. పరిమాణం ఒక మిల్లీలీటరు లోపు. ఫ్రక్టోజ్ లేదు.

ఫ్రక్టోజ్ శుక్రాశయాల నుంచి రావాలి. వీర్యంలో మూడింట రెండు వంతుల దాకా వాటి స్రావమే. యూరాలజిస్టుకి ఫోన్ చేశాను. "రెండు వైపులా శుక్రవాహిక చేతికి తగల్లేదు మేడమ్" అన్నారు. శుక్రవాహికా, శుక్రాశయమూ పిండదశలో ఒకే నాళం నుంచి ఏర్పడతాయి. ఆ నాళం ఎదగకపోతే రెండూ ఉండవు. ఉత్పత్తికి ఏ లోటూ లేదు, దారే లేదు.

జూన్ 14, రాత్రి

సెర్టోలి కణాలు మనసులో తిరుగుతున్నాయి. 1865లో ఎన్రికో సెర్టోలి వీటిని వర్ణించేనాటికి ఆయనకు పాతికేళ్ళు కూడా నిండలేదు. పక్కపక్క సెర్టోలి కణాలు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని రక్తానికీ లోపలి కణాలకూ మధ్య గోడ కడతాయి. ఆ గోడ లేకపోతే శరీరమే వాటిమీద పడుతుంది. సగం క్రోమోజోములతో కొత్త ముఖాలేసుకుని ఈ కణాలు యుక్తవయసులో పుడతాయి. తనవాళ్ళెవరో రోగనిరోధక వ్యవస్థ అంతకు ఎంతో ముందే నేర్చేసుకుని ఉంటుంది.

మరి అంచున ఉన్న కణం గోడ దాటి లోపలికి ఎలా వెళ్తుంది? ధవళేశ్వరం లాకుల్లో పడవ దాటినట్టే. వెనక తలుపు మూసుకున్నాకే ముందు తలుపు తెరుస్తారు. ఇక్కడా కణం వెనక కొత్త బిగింపు ఏర్పడ్డాకే ముందరి పాత బిగింపు విడిపోతుంది. గోడ ఒక్క క్షణం కూడా తెరిచి ఉండదు. ఎన్నేళ్ళుగా చూస్తున్నా ఈ ఏర్పాటు ముందు నాకు చేతులు జోడించాలనిపిస్తుంది.

జూన్ 18

అనాటమీ వాళ్ళు పిలిస్తే ఫస్టియర్ పిల్లలకి ప్రాక్టికల్ తీసుకున్నాను. స్లైడు పేరు చెప్పగానే కొందరు తల దించుకున్నారు, వెనక బెంచీల్లో నవ్వులు. నేను ఆగి లీవెన్‌హూక్ సంగతి చెప్పాను. 1677లో తన వీర్యంలోనే ఈదే జీవులను చూసి లండన్ రాయల్ సొసైటీకి రాస్తూ, పండితులకు రోత అనిపిస్తే అచ్చు వేయకండి అని కోరాడాయన. వాళ్ళు వేశారు. కాబట్టి మనం బొమ్మ గీయొచ్చు అన్నాను. గులాబీ, ఊదా పెన్సిళ్ళు బయటికొచ్చాయి.

ఎపిడిడిమిస్ బాగా గీశారు. ఎత్తయిన కణాల వరస, వాటి కొసల మీద కదలని పొడవాటి కుచ్చులు. నాలుగైదు సెంటీమీటర్ల అవయవంలో చుట్టుకున్న ఆరు మీటర్ల నాళం అది. వృషణం వదిలి వచ్చేటప్పటికి శుక్రకణానికి ఈత రాదు. ఇందులో ప్రయాణిస్తూ రోజుల మీద నేర్చుకుంటుంది.

తర్వాత శుక్రవాహిక. మూడు వరసల మందపు కండరం, మధ్యలో నక్షత్రంలా ముడుచుకున్న సన్నటి దారి. ఆ మందం వల్లే చర్మం కింద తాడులా వేలికి దొరుకుతుంది, మగవాళ్ళ కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చిన్న గాటుతో అయిపోతుంది. అయినా మన రాష్ట్రంలో ఆపరేషన్ బల్ల ఎక్కేది దాదాపు అందరూ ఆడవాళ్ళే. "దానివల్ల బలం తగ్గదా మేడమ్?" అని ఒక కుర్రాడు నిజంగానే అడిగాడు. మగ హార్మోను లేడిగ్ కణాల నుంచి నేరుగా రక్తంలోకి వెళ్తుంది, ఈ దారిన రాదు అని బోర్డు మీద గీసి చూపాను. డాక్టరు కాబోయేవాడికే ఈ భయం ఉంటే పల్లెలో రైతును ఏమనగలం?

జూన్ 20

యూరాలజిస్టే పంపితే ఆ మొదటి బయాప్సీ తాలూకు దంపతులు లాబ్‌కి వచ్చారు. కోనసీమ నుంచి. సంచీలో ఆవిడ పరీక్షల కాగితాలే బరువు. స్కానులు, ట్యూబుల పరీక్ష, హార్మోన్లు, ఏళ్ళ తరబడివి. ఆయనకి పరీక్ష చేయడం ఈ ఏడే మొదలు. చేతిలో పెట్టే సీసాతో తేలిపోయే పరీక్షను ఇన్నేళ్ళు వెనక్కి నెట్టారు. కోపం వచ్చింది, వాళ్ళ మీద కాదు.

స్లైడును మానిటర్ మీద పెట్టాను. ఆయన అప్పటిదాకా తలెత్తలేదు.

"ఇవి నావేనా అమ్మా?"

"మీవేనండి. తయారీకి ఏ లోటూ లేదు. బయటికొచ్చే నాళం పుట్టుకతోనే ఏర్పడలేదు. మీరు చేసిందీ కాదు, ఆవిడ చేసిందీ కాదు."

సూదితో శుక్రకణాలు తీసి ఒక్కోదాన్ని అండంలోకి ఎక్కించే ఇక్సీ 1992 నుంచీ ఉందని, ముందు ఇద్దరికీ సీఎఫ్‌టీఆర్ అనే జన్యువు పరీక్షా, ఆయనకి కిడ్నీల స్కానూ అవసరమని చెప్పాను. ఈ లోపం ఉన్న కొందరిలో ఒక కిడ్నీ కూడా ఉండదు. ఆవిడ అన్నీ విని, "మా అత్తయ్యగారికి నేను చెబితే నమ్మరు డాక్టరమ్మా" అంది. ఆయన "నేను చెబుతాలే" అన్నాడు. అయినా స్లైడులో ఏముందో, ఏం లేదో ఒక పేజీ తెలుగులో రాసి, సంతకం పెట్టి ఇచ్చాను.

జూన్ 27

ఇంకో బయాప్సీ, వేరే మనిషిది. ఈసారి గుండ్రాలన్నిటా సెర్టోలి కణాలే. గాలికి ఒకే వైపు ఒరిగినట్టున్నాయి. ఒక్క శుక్రమాతృకణం లేదు. అన్నిటికీ రెండే మార్కులు. మనసు బరువెక్కింది. అయినా "ఈ ముక్కలో" అని రాశాను, "ఈ వృషణంలో" అని రాయలేదు. 1999లో ష్లెగెల్ మైక్రోస్కోప్ కింద నాళికలు వెతికి తీసే శస్త్రచికిత్సను వివరించినప్పటి నుంచి, ఇలాంటివాళ్ళలో కొందరికి ఎక్కడో ఒక మూల పనిచేసే నాళికలు దొరుకుతున్నాయి.

రిపోర్టు ఇంకా వదల్లేదు. బ్లాకును మరో రెండు లోతుల్లో కోయమన్నాను. రేపు మధ్యాహ్నానికి వస్తాయి.