మిషనరీ అంటే చాకిరీయే

మావాళ్లబ్బాయి ఒకడు విదేశంలో యూత్ రాంచ్‌లో (గుర్రాలుండే కుర్రాళ్ల శిబిరంలో) మిషనరీ. ఫొటోలన్నీ గుర్రపు లద్దె ఎత్తుతూ, కంచెలు బాగుచేస్తూ. ‘దీనికోసమా అంత దూరం?’ అని వాళ్లమ్మ బెంగ.

మా జలంత్రకోటకి దగ్గర్లోనే సోంపేట. అక్కడి ఆరోగ్యవరం ఆసుపత్రిలో ఒకప్పుడు కెనడా బాప్టిస్టు మిషనరీ డాక్టర్ బెన్ గల్లిసన్ గారిదీ ఇలాంటి రోజువారీ పనే: శుక్లాల ఆపరేషన్లు. ఆ రోజుల్లో ఆపరేషనయ్యాక తల కదపకుండా రోజుల తరబడి పడుకోవాలి. తర్వాత సోడాబుడ్డి కళ్లద్దాలు. కట్లు మార్చాలి, చుక్కలు వెయ్యాలి, కదలొద్దని ముసలోళ్లని బతిమాలాలి. ఆ పని గురించి విన్నాకే కాల్గరీ వ్యాపారి ఆర్ట్ జెంకిన్స్ 1963లో ‘ఆపరేషన్ ఐసైట్’ సంస్థ మొదలెట్టారు.

ప్రసంగం ఆదివారం ఓ గంట. మిగతా వారమంతా చాకిరీయే. ఎత్తనివ్వమ్మా లద్దె, మీవాడు సరైన పనిలోనే ఉన్నాడు.