గంటలో వచ్చేస్తానమ్మా

నాన్న పోయాక అమ్మ వైజాగ్‌లోనే ఉంటానంది. ఎంవీపీ కాలనీ, రైతుబజారు, ఆవిడ స్నేహితులు అన్నీ అక్కడే. నేను విజయవాడలో. అప్పుడు ధైర్యంగా చెప్పాను, "ఏముందమ్మా, ఫ్లైట్‌లో గంట. పిలిస్తే వచ్చి వాల్తాను" అని.

టికెట్ మీద నిజంగానే గంట అని ఉంటుంది. గన్నవరం నుంచి వైజాగ్‌కి ఆకాశంలో గీత గీస్తే సుమారు 290 కిలోమీటర్లే. రోడ్డు మీద 350. ఆ గంటలోనూ రన్‌వే దాకా పాకడం, దిగాక ఆగేదాకా పాకడం తీసేస్తే గాల్లో ఉండేది ముప్పావు గంట. మంచినీళ్లు తాగేలోపు కింద గోదావరి, ఆ తర్వాత కాసేపటికి సముద్రం.

మొన్న పొద్దున్న ఆరున్నరకి ఫోన్. అమ్మ బాత్రూంలో జారిపడింది. రత్నాచల్ అప్పటికే వెళ్లిపోయింది. ఫ్లైట్ మధ్యాహ్నం. కారులో అయితే ఏడు గంటలు, మా ఆయన ఊళ్లో లేరు. సరే, ఫ్లైటే అనుకున్నాను.

బెంజి సర్కిల్ నుంచి గన్నవరం 20 కిలోమీటర్లు. గంట ముందే కౌంటర్ మూసేస్తారని ఇంకో గంట ముందు బయల్దేరాను. వైజాగ్‌లో దిగి, బ్యాగ్ కోసం నిలబడి, క్యాబ్ దొరికి, ఎన్ఏడీ జంక్షన్ దాటి ఇల్లు చేరేసరికి మూడు దాటింది. నా గుమ్మం నుంచి అమ్మ గుమ్మానికి నాలుగు గంటల పైమాట. ఫోన్ వచ్చిన దగ్గర్నుంచి లెక్కేస్తే ఎనిమిదిన్నర. వందే భారత్ అయితే విజయవాడ స్టేషన్ నుంచి నాలుగు గంటలే, స్టేషన్ మా ఇంటికి దగ్గర కూడా. కానీ అది మనం కావాలన్నప్పుడు రాదుగా.

నేను వెళ్లేసరికి అమ్మ చేతికి కట్టుతో కుర్చీలో కూర్చుని ఉంది. మణికట్టు విరిగింది. కింద ఫ్లాట్ పిన్నిగారే హాస్పిటల్‌కి తీసుకెళ్లారు. అసలు సంగతి ఆవిడ వంటింట్లోకి పిలిచి చెప్పారు. తలుపు లోపల గడియ వేసి ఉంది, పనమ్మాయి బయట నిలబడి బెల్లు కొడుతోంది, అమ్మ బాత్రూం నుంచి హాల్లోకి పాక్కుంటూ వచ్చి గడియ తీసేసరికి నలభై నిమిషాలు పట్టిందట. ఆ నలభై నిమిషాల తర్వాతే నాకు ఫోన్ చేసింది. అదీ "కంగారుపడకు, చిన్న దెబ్బే" అంటూ.

రాత్రి పక్కన పడుకుంటే అడిగింది, "నీ గంట ఎంతసేపే తల్లీ?" ఎత్తిపొడుపు కాదు, నవ్వుతూనే. నాకు మాత్రం నవ్వు రాలేదు.

నాలుగు రోజులున్నాను. లోపలి గడియ పీకించి, బయట నుంచి కూడా తాళంచెవితో తెరుచుకునే లాక్ పెట్టించాను. ఒక తాళంచెవి పిన్నిగారికి, ఒకటి పనమ్మాయికి. బాత్రూంలో పట్టుకునే స్టీలు రాడ్లు. ఈ పనులన్నిటికీ కలిపి నా ఒక్క టికెట్ డబ్బు కూడా కాలేదు. రెండేళ్ల క్రితమే చేయించాల్సింది.

వచ్చేటప్పుడు ఒంటి చేత్తోనే ఆవకాయ సీసా తీసిచ్చింది. పచ్చడి చేతిసంచిలో ఎక్కనివ్వరమ్మా అన్నాను. "అయితే రైల్లో వెళ్లు" అంది. రైల్లోనే వచ్చాను. తుని దగ్గర ఫోన్ చేసి, "నేనుండేది ఐదు గంటల దూరంలోనమ్మా, గంట కాదు" అన్నాను.

"తెలుసులేవే. తాళంచెవి పిన్నిగారి దగ్గరుందిగా" అంది.