కానరాని విలువ

సోదరీమణులారా! నేడు మన యిండ్లలో కొమార్తెలును, కోడండ్రును, ఆడపడుచులును కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాసి జీవనము గడుపుచున్నారు. వారి పని మనకేల యని యూరకుండుట తగదు. వారి కష్టములలో నొకదానిని మేము గ్రహించినంతవఱకు విన్నవించుచున్నాము.

ప్రోగ్రాములో నొక విలువను నిలుపుకొను పాత్రకు వేరియబుల్ అని పేరు. ప్రోగ్రాము తప్పుగా నడచునపుడు దానిని నడుమ నాపి, యే పాత్రలో నే విలువ కలదో చూపు సాధనము డీబగ్గరు. 1986వ సంవత్సరమున పుట్టిన జీడీబీ యను డీబగ్గరు కొన్ని వేళల విలువను జూపక "ఆప్టిమైజ్డ్ ఔట్" అని మాత్రము పలుకును. పొదుపుకొఱకు తొలగింపబడినదని దాని భావము.

మా ఆడపడుచు బిడ్డను కనిన రెండేండ్లకు తిరిగి యుద్యోగమున జేరినది. మొదటి మాసముననే యీ పలుకామె కెదురయ్యెను. తాను వ్రాసిన వేరియబుల్ కన్నులయెదుట నుండగా యంత్రము లేదనుచున్నది! "వదినా, చదివినదంతయు మఱచిపోతిని, ఈ పని విడిచెదను" అని కంట తడిపెట్టెను. మా అత్తగారును, "పిల్లవానిని చూచుకొనుచు ఇంట నుండుము" అనిరి. మేము మాత్రము, "నీకేమి రాదో ముందు చెప్పుము" అని యడిగితిమి. ఆమె చెప్పగా వినినది యిది.

ప్రోగ్రామును యంత్రభాషలోనికి మార్చునది కంపైలరు. వేగమునకై ఆజ్ఞాపించినచో నది పొదుపరియగు గృహిణివలె వర్తించును. యంత్రమునందు రిజిస్టర్లనెడి చిన్న గిన్నెలు కలవు; ఎక్స్86-64 జాతి ప్రాసెసర్లలో నట్టివి సాధారణముగా 16 మాత్రమే. చింతపండు రసము పిండిన గిన్నెను, రసము పులుసులో బోయగనే కడిగి మజ్జిగకు వాడుదుము గదా! పిదప నెవరేని "ఆ రసము చూపుము" అన్నచో నేమి చూపగలము? రసము వ్యర్థము కాలేదు, పులుసులో గలసినది. కంపైలరును విలువతో పని తీరగనే ఆ రిజిస్టరును వేఱొకదాని కిచ్చును. ఫలితమెందును వినియోగపడని లెక్కను చేయకయే విడుచుటయు గలదు.

ఏ విలువ యే తావున నుండునో తెలుపు పట్టికను డ్వార్ఫ్ అను పద్ధతి ననుసరించి కంపైలరే వ్రాయును. ఆ పద్ధతి యొక్క 5వ కూర్పు 2017లో వెలువడినది. పట్టికలో చోటు చెప్పబడనిచో డీబగ్గరు ఊహించి పలుకదు. కల్ల చెప్పుటకంటె నెఱుగననుట మేలు గదా!

దీనికి ఉపాయములు లేకపోలేదు. పొదుపు మానుమని కంపైలరున కాజ్ఞాపించి మరల నడపవచ్చును; కాని కొన్ని తప్పు లట్లు నడపినపుడు మాయమగును. జీసీసీ కంపైలరు 4.8వ కూర్పుతో 2013లో వచ్చిన "ఓజీ" యను ఆజ్ఞ, పరిశీలనకు భంగము రానంతమేర పొదుపు చేయును. లేదా గిన్నె కడుగకముందే, అనగా కొన్ని పంక్తులకు ముందే ప్రోగ్రాము నాపి చూడవలెను.

మాకు చెప్పుచు చెప్పుచునే మా ఆడపడుచున కీ కడపటి యుపాయము స్ఫురించినది. ముందుగా నాపి చూడగా విలువ కనబడెను, తప్పును దొరికెను. ఆమె నేటికిని ఆ యుద్యోగముననే యున్నది.

కావున సోదరీమణులారా, మన యాడుబిడ్డలు "మాకు రాదు" అన్నపుడు వెంటనే మానుమని చెప్పకుడు. ఏమి రాదో యడిగి, చెప్పునంతవఱకు ప్రక్కన గూర్చుండుడు.