దమ్ము పట్టని మునక

మా వరంగల్ చుట్టుపక్కల పల్లెల్లో ఈత అంటే బావే. వీపుకు బెండ్లో, ఎండిన సొరకాయ బుర్రలో కట్టి పిల్లల్ని నీళ్లలోకి దింపుతారు. కాళ్లూ చేతులూ ఆడటం మొదలయ్యాక ఆ బెండ్లు తగ్గించుకుంటూ పోతారు. ఈత పూర్తిగా వచ్చిందనడానికి రుజువు మాత్రం ఒకటే. దమ్ము పట్టి అడుగుదాకా మునిగి, పిడికెడు బురద తెచ్చి గట్టు మీదున్నవాళ్లకు చూపించాలి. ఎక్కువసేపు దమ్ము పట్టినవాడే మొనగాడు. నీళ్లంటే భయం పోగొట్టే ఆ చదువు మీద నాకు ఎనలేని గౌరవం. అయితే స్కూబా డైవింగ్‌కి వెళ్లేవాళ్లు ముందుగా వదులుకోవాల్సింది కూడా అందులోని దమ్ము పట్టే ఆ ఒక్క అలవాటునే.

కాకతీయుల నాటి పాకాల, రామప్ప చెరువులు ఇప్పటికీ మా పొలాలు తడుపుతున్నాయి. కానీ ఆ నీళ్లలో మునిగి కళ్లు తెరిస్తే పెద్దగా ఏమీ కనిపించదు. నీటి కింద లోకాన్ని చూడాలంటే సముద్రానికే పోవాలి. గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే విశాఖ, సెలవు దొరికితే అండమాన్. మావాళ్లు చాలామంది అక్కడ మొదట చేసేది స్నార్కెలింగ్. కళ్లకు, ముక్కుకు మాస్క్, నోట్లో పొట్టి గొట్టం, కాళ్లకు ఫిన్స్. నీటి మీద బోర్లా తేలుతూ, నోటితో గాలి పీలుస్తూ కింద పగడాల మధ్య తిరిగే చేపల్ని చూడటం. ఇంకా దగ్గరగా చూడాలనిపిస్తే బావిలో చేసినట్టే దమ్ము పట్టి ఒక్క మునక.

గొట్టం ఇంకాస్త పొడవుంటే లోపలే ఉండిపోవచ్చు కదా అని అందరికీ అనిపిస్తుంది. కుదరదు. రెండు మూడు అడుగుల లోతుకే నీళ్లు ఛాతీని ఎంతగా నొక్కుతాయంటే, పైనుంచి గాలి లాగడం మన కండరాల వల్ల కాదు. పైగా వదిలిన గాలి గొట్టంలోనే ఉండిపోయి మళ్లీ మన నోట్లోకే వస్తుంది. 1943లో ఫ్రాన్స్‌లో జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ కలిసి తయారుచేసిన రెగ్యులేటర్ ఈ చిక్కు విప్పింది. చుట్టూ నీటి ఒత్తిడి ఎంత ఉందో అంతే ఒత్తిడితో, పీల్చినప్పుడు మాత్రమే అది వీపున కట్టుకున్న సిలిండర్‌లోని గాలిని అందిస్తుంది. స్కూబా అంటే ఈ పద్ధతే.

బావి మునకకూ స్కూబాకూ అసలు తేడా ఆ ఒత్తిడిలోనే ఉంది. పది మీటర్ల లోతులో ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి రెట్టింపు. పైన నిండుగా గాలి పీల్చుకుని అక్కడిదాకా మునిగితే ఆ గాలి సగానికి కుంచించుకుపోతుంది, పైకొస్తే మళ్లీ ఎప్పటంత అవుతుంది. కాబట్టి బావిలో దమ్ము పట్టి పైకొచ్చినా ఊపిరితిత్తులకు ముప్పు లేదు. స్కూబాలో అలా కాదు. పది మీటర్ల కింద సిలిండర్ నుంచి నిండుగా పీల్చి, ఆ దమ్ము బిగబట్టి పైకొస్తే లోపలి గాలి రెట్టింపవుతుంది. మూతి ముడేసిన బెలూన్‌లా ఊపిరితిత్తులు ఉబ్బి చిట్లిపోతాయి. గాలి బుడగలు నెత్తురులో కలిసి మెదడుకు చేరితే ప్రాణానికే ముప్పు. ఇందుకు సముద్రమే అక్కర్లేదు, స్విమ్మింగ్ పూల్ లోతు చాలు. అందుకే స్కూబాలో మొట్టమొదటి నియమం: ఊపిరి ఎప్పుడూ బిగబట్టొద్దు.

స్నార్కెలింగ్ చేసినవాళ్లకు మాస్క్ కొత్త కాదు, నోటితో పీల్చడం కొత్త కాదు, నడుము దగ్గర్నుంచి కాళ్లు ఆడించడమూ కొత్త కాదు. ఆ నేర్పంతా ఇక్కడా పనికొస్తుంది. కొత్తగా నేర్వాల్సింది నిదానం. మాస్క్‌లోకి నీళ్లొస్తే పైకి పరుగెత్తకూడదు. తల కాస్త పైకెత్తి, మాస్క్ పైఅంచు నుదుటికి నొక్కిపట్టి, ముక్కుతో మెల్లగా గాలి వదలాలి. కళ్ల ముందున్న నీళ్లు కింది అంచు నుంచి జారిపోతాయి. దిగుతుంటే చెవులు నొప్పి పెట్టకముందే ముక్కు మూసి సున్నితంగా ఊదాలి. బావిలో అయితే అడుగును కాలితో తన్ని రివ్వున పైకొస్తాం. ఇక్కడ నిమిషానికి తొమ్మిది మీటర్లకు మించకుండా, ఊపిరి తీస్తూ వదులుతూ రావాలి. ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగడం మంచి అలవాటు. ఒంట్లో కరిగిన నైట్రోజన్ నెమ్మదిగా బయటికి పోవడానికి ఆ వ్యవధి కావాలి.

ఈ నిదానం ఒకసారి ఒంటబడితే నీటితో మన బంధమే మారిపోతుంది. నీటిని గెలవాలన్న తొందర పోతుంది. ఒకే బండ దగ్గర ఆగి, దాని సందుల్లో తిరిగే బతుకును తీరిగ్గా చూసే ఓపిక వస్తుంది. స్కూబా మీద నాకున్న ఇష్టమంతా ఆ ఓపిక కోసమే.

సముద్రం దూరమని మా ఊరి పిల్లలు దీన్ని తమది కాదనుకోవద్దు. 18 మీటర్ల దాకా దిగడానికి అర్హతనిచ్చే ఓపెన్ వాటర్ శిక్షణలో పాఠాలు, తొలి అభ్యాసాలు స్విమ్మింగ్ పూల్‌లోనే జరుగుతాయి. సముద్రంలో చేయాల్సినవి చివరి నాలుగు డైవ్‌లే. శిక్షకుల్ని పిలిపిస్తే ఆ మొదటి భాగం హనుమకొండలోనూ నేర్పవచ్చు. మిగిలిందానికి విశాఖ ఒక రాత్రి ప్రయాణం. బావిలో దూకినప్పుడే మన పిల్లలకు ధైర్యం వచ్చేసింది. ఊపిరి తీసే పద్ధతి నేర్పే బాధ్యత ఇక పెద్దలది.