కోడలి రిపోర్టు, నా తొందర

ఎప్పుడూ వరి, మొక్కజొన్న, యూరియా గొడవే రాస్తాను కదా. ఈసారి ఇంటి సంగతి. అబ్బాయినీ కోడలినీ అడిగే రాస్తన్నాను.

పెళ్లై ఏడేళ్లు. విశాఖలో టెస్ట్ ట్యూబ్ వైద్యానికి వెళ్లారు. రెండు పాడిగేదెలు అమ్మి డబ్బు కట్టాం. పన్నెండు రోజులు పొట్ట మీద సూదులు. గుడ్లు తీసే ముందు రక్తం చూసి, "ప్రొజెస్టిరాన్ పెరిగింది, ఈ నెల పిండం పెట్టం, గడ్డకట్టించి దాస్తాం" అన్నారట.

నాకు తల తిరిగిపోయింది. "ఏటమ్మా, ఏటి తినేసావు? ఏటి సేసావు?" అని కోడలి మీద అరిచాను. మా ఇంటిదేమో, "డబ్బులు గుంజడానికే ఇదంతా" అంది. ఆ రాత్రి పిల్ల అన్నం ముట్టలేదు. నా అరవై ఏళ్ల బతుకులో సిగ్గుపడాల్సిన మాటల్లో అదొకటి.

మర్నాడు నేనూ వెళ్లి డాక్టరమ్మని అడిగాను. ఆవిడ చెప్పింది మన భాషలో చెప్తాను. మామూలుగా నెలకి ఒక గుడ్డు ఎదుగుతుంది. సూదులతో ఒకేసారి పది పన్నెండు ఎదుగుతాయి. ఒక్కోటీ కొంచెం ప్రొజెస్టిరాన్ వదిలినా అన్నీ కలిసి లెక్క పెరిగిపోద్ది. 1.5 దాటితే చాలాచోట్ల ఆలోచిస్తారు. మా పిల్లకి 2.1. ఆ హార్మోను గర్భసంచి పొరని ముందే పండించేస్తుంది. పిండం ఇంకా ఆ వయసుకి రాలేదు. ఉబాలకి మనం చూసుకోమా? మడి ముందే దమ్ము పట్టేసి మట్టి పేరుకుపోయింది, ఆకుమడిలో ఆకు ఇంకా అందలేదు. అప్పుడు ఊడిస్తే ఏటి నిలుస్తాది? తప్పు ఆకుదీ కాదు, మడిదీ కాదు. అదును తప్పింది, అంతే. పిల్ల తిన్నదానికీ దీనికీ సంబంధమే లేదు.

ముదిరిన ఆకుని మనం దాచలేం. పిండాన్ని దాచొచ్చు. గోపాలమిత్ర మన గేదెలకి సూది వెయ్యడానికి క్యాన్ తెస్తాడు చూడండి, మూత తీస్తే పొగలొచ్చేది, అదే ద్రవ నైట్రోజన్. మైనస్ 196 డిగ్రీలు. పిండాలూ అందులోనే ఉంటాయి. ఒకటి రెండు నెలలాగి, పొరని మళ్లీ సిద్ధం చేసి పెడతారు. గేదెల విషయంలో ఇరవై ఏళ్లుగా నమ్మినవాణ్ణి, కోడలి దగ్గరికొచ్చేసరికి మోసం అన్నాను.

అందరికీ ఇదే హార్మోను కాదు. ప్రొలాక్టిన్ అని పాలు పట్టించేది ఒకటుంది. పాలిచ్చే తల్లికి నెలసరి ఆలస్యమయ్యేది దానివల్లే. బిడ్డ లేకుండానే అది పెరిగితే గుడ్డు విడుదల ఆగిపోద్ది. చాలామందికి మాత్రలతోనే తగ్గుతుంది. కంగారుగా పరిగెత్తుకెళ్లి రక్తమిచ్చినా అది ఎక్కువ చూపించొచ్చు, అందుకే మళ్లీ తీయిస్తారు. థైరాయిడ్ కూడా ముందే చూపించుకోవాలి. మగాడికి పరీక్షలు వద్దనుకునే ఇళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నాయి. అది మాత్రం తప్పు.

ఎఫ్.ఎస్.హెచ్. పెరగడం వేరే కథ. గుడ్ల నిల్వ తగ్గేకొద్దీ మెదడు ఆ హార్మోనుని ఎక్కువ తోలుతుంది. ఖాళీ నూతిలో మోటారు ఎంత తిప్పినా నీరొస్తుందా? మా రచ్చబండ దగ్గర అంటారు, "2019లో గుంటూరులో డెబ్బై దాటిన మంగాయమ్మ గారికి కవల ఆడపిల్లలు పుట్టలేదా" అని. పుట్టారు, సెప్టెంబరు 5న. కానీ ఆ గుడ్లు ఆవిడవి కావు, దాత ఇచ్చినవి. 2021 చట్టం వచ్చాక ఆడవాళ్లకి 50, మగవాళ్లకి 55 దాటితే ఈ వైద్యం చెయ్యకూడదు.

మా పిండాలు నాలుగు విశాఖలో ఉన్నాయి. వచ్చే నెల రెండో వారం రమ్మన్నారు. నిలుస్తాదో లేదో డాక్టరమ్మ కూడా మాటివ్వలేదు. కోడలికి "తప్పయిపోనాదమ్మా" అన్నాను. "పర్లేదు మావయ్యా, మీరూ రండి" అంది. ఆ వారం నీరు కట్టడానికి తమ్ముణ్ణి రమ్మని చెప్పాను.